తువ్వాల కింది మాట

మా దిక్కు ఎడ్ల అంగళ్లలో ఇప్పటికీ మాస్కు పెట్టుకొని తిరిగే మనిషి ఒక్కడే ఉన్నాడు. అమ్మేవాళ్లకు లేదు, కొనేవాళ్లకు లేదు, గేటు దగ్గర రసీదులు చింపే గుత్తేదారుకు అసలే లేదు. మా హనుమండ్లన్న మాత్రం ముక్కు మీదికి బిగించి కట్టుకొని తిరుగుతాడు. "మాస్కు హనుమండ్లు వచ్చిండు" అని వెనక అంటారు, ముందటా అంటారు. ఆయన వినీ విననట్టు పోతాడు గానీ, నాకు ఒళ్లు మండుతుంది. ఆ వేసవిలో ఆక్సిజన్ కోసం ఊరూరా ఫోన్లు కొట్టి ఏడ్చిన జనమే, నాలుగు వానలు పడేసరికి అంతా మరిచిపోయి ఒక్క మాస్కును చూసి పళ్లికిలిస్తున్నారు. అందుకే ఈ ముచ్చట రాస్తున్నాను.

లక్సెట్టిపేట దాటి గోదావరి వైపు పోతే మా ఊరు. హనుమండ్లన్న కొట్టానికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. ఆయన ఎడ్ల దలాలి. జత కావాలన్న రైతు కోసం అంగళ్లు తిరిగి, పళ్లు చూసి, నాలుగడుగులు నడిపించి, బేరం తెంపి, తోలుకొచ్చి అప్పజెప్పడం ఆయన పని. ఆదిలాబాద్ దిక్కున, పెన్‌గంగ అవతల మహారాష్ట్రలో ఆయన అడుగుపెట్టని అంగడి లేదు. కంపెనీల వాళ్లు విమానమెక్కి పోతే దాన్ని బిజినెస్ ట్రిప్పు అంటారు. మా హనుమండ్లన్న సంచీలో సద్ది గిన్నె పెట్టుకొని ఎర్రబస్సు ఎక్కితే "అంగడికి పోయిండు" అంటారు, అంతే తేడా.

ఎడ్ల బేరం నోటితో ఆడరు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ కలిపి పైన తువ్వాల కప్పుతారు. ఒక వేలు పట్టుకుంటే ఒక ధర, రెండు పట్టుకుంటే ఇంకో ధర, చెయ్యంతా పట్టుకుంటే మరో ధర. ఒప్పుకున్నవాడు ఎంత పట్టుకున్నారో అంతే తిరిగి పట్టుకుంటాడు. ఒప్పుకోనివాడు ఎదుటివాడి వేళ్లు విప్పి చెయ్యి వదిలేస్తాడు. చుట్టూ ఎంతమంది మూగినా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది, బయటికి వినబడేది "ఊ" అనో "ఊహూ" అనో మాత్రమే. దీనికి ఒక కట్టుబాటు ఉంది. నోటితో ఎద్దుకు లేని గుణాలన్నీ చెప్పొచ్చు, దాని తల్లి పాడి దాకా పొగడొచ్చు. తువ్వాల కింద మాత్రం అబద్ధం ఆడకూడదు.

వేళ్లు ధర చెబుతాయి గానీ, అది ఆఖరి ధరా కాదా అన్నది ముఖం చెబుతుంది. పెదవి కొస బిగిసిందా, దవడ కదిలిందా, గుటక పడిందా అని చూస్తూ వేళ్లు జరపాలి. "మొఖం సూడంది బేరం ఎట్లయితది" అని హనుమండ్లన్న ఎప్పుడూ అనేవాడు. ఈ ఒక్క మాటే తర్వాత ఆయన కొంప ముంచింది.

ఆయన భార్య శంకరవ్వ బీడీలు చుట్టేది. ఏళ్ల తరబడి చేటలోని పొగాకు ధూళి పీల్చి ఆమెకు దమ్ము పట్టుకుంది. చలికాలం వస్తే గోడ ఇవతలికి కూడా ఆమె ఊపిరి చప్పుడు వినబడేది. అయినా నోరు మాత్రం ఊరుకునేది కాదు. మొగుణ్ని ఆటపట్టించకపోతే ఆమెకు పొద్దు గడిచేది కాదు.

"గా తువ్వాల కింద ఏం గుసగుసలు పెట్టుకుంటరో నాకు జెప్పరాదు?" అని అడిగేది.

"అది దలాలీల ముచ్చట. నీకెందుకే?"

"నేనేమన్న ఎడ్లు కొంటనా? ఇంటికి సుట్టాలొస్తే మనిద్దరం మాట్లాడుకోవచ్చు. చాయల పాలు లేవని అందరి ముందట నోటితోని చెప్పే బాధ తప్పుతది."

ఆయన నవ్వి లేచిపోయేవాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆమె అడుగుతూనే ఉంది, ఆయన చెప్పకుండానే ఉన్నాడు.

కరోనా వచ్చిన మొదటి ఏడు అంగళ్లన్నీ మూసేశారు. హనుమండ్లన్న ఆ వేసవంతా కొట్టంలో కూర్చొని ఎడ్లను కట్టే పాత తలుగులు విప్పడం, మళ్లీ పేనడం చేశాడు. బీడీ ఆకు రావడమూ ఆగింది. రెండో ఏడు అంగళ్లు తెరిచారు, ఆయన ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే మహారాష్ట్రలో జబ్బు మళ్లీ మొదలైందని, మునుపటికంటే గట్టిగా ఉందని వార్తలొచ్చాయి.

వాళ్ల బిడ్డ తిరుమల కరీంనగర్‌లో మందుల దుకాణంలో పనిచేస్తుంది. రోజూ మనుషులు దగ్గుకుంటూ వచ్చి మాత్రలు కొనుక్కుపోవడం చూసే పిల్ల, దానికి భయం ఎక్కువ. వ్యాపార ప్రయాణాల్లో జాగ్రత్తలంటూ ఒక వీడియో తండ్రి ఫోనుకు పంపింది. అందులో ఒకావిడ తియ్యని గొంతుతో హోటల్ గది కిటికీలు తెరవమంది, టీవీ రిమోట్ తుడవమంది, లిఫ్టు బటన్ మోచేత్తో నొక్కమంది. హనుమండ్లన్న దాన్ని నాకు చూపించి, "నేను లారీ కింద పండుకుంట తమ్మీ. నా హోటల్‌కు అన్నీ కిటికీలే, గోడలే లెవ్వు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

బిడ్డ మాత్రం నవ్వే స్థితిలో లేదు. ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడుతుంటే గోడ ఇవతల నాకు వినబడింది.

"బాపూ, గీ ఏడు పోకు. నీకొస్తే నాలుగు రోజులు పండుకొని లేస్తవ్. అవ్వకొస్తే లేవది. అవ్వ దమ్ము సంగతి నీకెర్కనే గదా."

"పోకుంటెట్లనే. లచ్చయ్యకు జత తెస్తనని మాటిచ్చిన. ఎడ్లు లేక ఆయన దుక్కి ఎట్ల దున్నుతడు? ఇంట్ల పొయ్యి ఎట్ల మండుతది?"

"అయితే నేను చెప్పినట్టు చెయ్యి. మాస్కు తియ్యకు. చేతులు కడుగు. వచ్చినంక కొట్టంలనే ఉండు, అవ్వ దగ్గరికి పోకు."

"చేస్త బిడ్డా. నీ మీద ఒట్టు."

ఆయన ఒట్టు వేస్తే వేసినట్టే. చేతుల విషయంలో ఆయన పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. మొదట చెయ్యి కలపకుండా నోటితో ధర అడిగి చూశాడు. నలుగురిలో తన ఎడ్ల ధర అరిచినందుకు అమ్మే రైతు మొహం మాడ్చుకొని తలుగు విప్పుకొని పోయాడు. బిడ్డ పంపిన రబ్బరు తొడుగులు వేసుకొని చూశాడు. వేళ్లు జారి ఒకటి పట్టుకోబోతే రెండయ్యాయి, ఎదుటివాడు ఒప్పుకున్నానని కూర్చున్నాడు, పెద్ద పేచీ అయ్యింది. ఇక లాభం లేదని చెయ్యి కలపడమే మొదలుపెట్టాడు. ప్రతి బేరం తర్వాత సబ్బుతో కడుక్కునేవాడు, పైన శానిటైజర్ పోసుకునేవాడు. అరచేతుల తోలు లేచి సద్ది తింటుంటే పచ్చడి తగిలి మండేది. బస్సులో సీటు పట్టుకోడు, చాయ్ బయట తాగడు, ఎడ్లతో వచ్చేటప్పుడు డ్రైవర్ పక్కన కూర్చోకుండా వెనక ఎడ్ల నడుమ నిలబడి వచ్చేవాడు.

అంత చేసినవాడు, తువ్వాల కప్పగానే మాత్రం మాస్కును గదవ కిందికి లాగేవాడు. ఎదుటివాడి మాస్కు కూడా దింపించేవాడు. ముఖం చూడకుండా బేరం ఎట్లా? ఇద్దరూ తలకు తల ఆనించేంత దగ్గరగా నిలబడి, ఒకరి పెదవి ఒకరు చూసుకుంటూ, ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకుంటూ "ఊ" "ఊహూ" అనుకునేవాళ్లు. బేరం తెగగానే మాస్కు పైకి లాక్కొని, చేతులు కడుక్కోవడానికి నీళ్ల తొట్టి దగ్గరికి ఉరికేవాడు. ఆయన బతుకంతా చేతుల్లోనే ఉంది కదా, చావు కూడా చేతుల్లో నుంచే వస్తుందని అనుకున్నాడు.

లచ్చయ్య జత కోసం ఆయన ఆదిలాబాద్ బయలుదేరేసరికి అంగడి మళ్లీ మూసేశారు. అయితే అమ్మేవాడి అవసరం ఆగదు, కొనేవాడి అవసరమూ ఆగదు. పెన్‌గంగ ఒడ్డున ఒక పత్తి చేనులో పొద్దున్నే దొంగ అంగడి కూడింది. బేల దిక్కు నుంచి లింబాజీ అనే రైతు ఒక జత తోలుకొచ్చాడు. తెల్లని ఎడ్లు, కొమ్ములు కూడా ఈడుజోడుగా ఉన్నాయి. అంత మంచి జతను దుక్కుల కాలం ముందు ఎవరూ అమ్మరు.

"ఎందుకమ్ముతున్నవ్ దాదా?" అని అడిగాడు హనుమండ్లన్న.

"తమ్ముడు నాగపూర్ దవఖానాల పడ్డడు భావూ. జర జల్దీ తెంపు."

తువ్వాల కప్పారు. మాస్కులు దించారు. లింబాజీ చెయ్యి పట్టుకోగానే హనుమండ్లన్నకు తెలిసిపోయింది, ఆ చెయ్యి కాలిపోతోంది. ఎంతోమంది చేతులు పట్టుకున్న మనిషి, ఎండ వేడి ఏదో జ్వరం వేడి ఏదో ఆయనకు తెలియనిది కాదు. అప్పుడే చెయ్యి విడిపించుకొని రావచ్చు. కానీ తువ్వాల కింద పట్టుకున్న చెయ్యిని బేరం తెగకముందే గుంజుకుంటే ఎదుటివాడికి అది అవమానం. పైగా అతని తమ్ముడు దవాఖానలో ఉన్నాడు. పైగా లచ్చయ్య దుక్కి ఎదురుచూస్తోంది. కడుక్కుంటే పోతుందిలే అనుకున్నాడు. లింబాజీ మొండివాడు కాదు గానీ కష్టంలో ఉన్నవాడు, వేలుకు వేలు కలుపుతూ చాలాసేపు లాగాడు. మధ్యలో ఒకసారి పక్కకు తిరిగి దగ్గాడు. బేరం తెగింది. హనుమండ్లన్న కాలువ దగ్గర కూర్చొని చేతులు కడిగాడు, మళ్లీ కడిగాడు, మట్టి రాసి మళ్లీ కడిగాడు.

ఇంటికి వచ్చి మాట ప్రకారం కొట్టంలోనే దిగాడు. శంకరవ్వను దగ్గరికి రావద్దన్నాడు, ఆమె గిన్నె గోడ మీద పెట్టి పోయేది. మూడు రోజులు అట్లాగే గడిచాయి. ఒంట్లో బాగానే ఉంది. లచ్చయ్య వచ్చి జతను తోలుకుపోతానన్నాడు. మా దిక్కు కొత్త ఎడ్లు వాకిట్లోకి వస్తే ఇంటి ఆడమనిషి కాళ్ల మీద నీళ్లు పోసి బొట్టు పెట్టి గానీ పంపదు. శంకరవ్వ చెంబు పట్టుకొని వచ్చింది. ఆయన దూరం, దూరం అంటూనే ఉన్నాడు.

"నేను ఎద్దు కాడికి వస్తున్న, నీ కాడికి కాదు" అని ఆమె నవ్వింది.

నీళ్లు పడగానే కుడి పక్క కట్టే వలపటి ఎద్దు బెదిరి వెనక్కి గుంజింది. శంకరవ్వ గోడకూ ఎద్దుకూ నడుమ ఇరుక్కుంది. హనుమండ్లన్న ఉరికి ముకుతాడు పట్టుకున్నాడు. గుడ్డ కట్టిన ముఖాన్ని చూసి ఎద్దు ఇంకా బెదిరింది. ఆయన మాస్కు కిందికి లాగి, నాలుక చప్పరించి, "హో హో" అంటూ దాన్ని మెల్లగా దారికి తెచ్చాడు. భార్య ఆయన భుజం చాటునే ఉంది. ఎద్దు నిమ్మళించాక ఇద్దరూ నవ్వుకున్నారు. నేను గోడ మీది నుంచి చూస్తూనే ఉన్నాను, నాకూ అందులో తప్పేమీ కనబడలేదు. బొట్టు పెట్టాక ఆమెతో కూడా చేతులు కడిగించాడు.

ముందు ఆయనకు జ్వరం వచ్చింది. రెండు మూడు రోజులకు ఆమెకు. ఆయన జ్వరం మాత్రలకు దిగింది. ఆమెకు జ్వరం కాదు, గాలే చాలడం లేదు. కూర్చుంటే పడుకుంటానంటుంది, పడుకుంటే లేపమంటుంది. ఆటో పిలిస్తే ముగ్గురు రామన్నారు, నాలుగోవాడు వచ్చి ఆమె ఊపిరి విని బండి తిప్పుకున్నాడు. లక్సెట్టిపేటలో పడక లేదన్నారు. మంచిర్యాలలో లేదన్నారు. కరీంనగర్‌లో తిరుమల దుకాణానికి వచ్చే ప్రతి మనిషినీ, మందులు తెచ్చే కంపెనీ వాళ్లనూ పట్టుకొని బతిమాలింది. ఇక్కడ హనుమండ్లన్న మంచం కోడు పట్టుకొని దేవుళ్లతో బేరం మొదలుపెట్టాడు. అంగడి మానేస్తా అన్నాడు, తువ్వాల కాల్చేస్తా అన్నాడు, నన్ను తీసుకపో అన్నాడు. గోడ ఇవతల మేము చెవులు మూసుకోలేక, అటు పోలేక కూర్చున్నాం. చివరికి మంచిర్యాలలో ఒక ఆసుపత్రిలో పడక ఖాళీ అయిందని తిరుమల ఫోన్ చేసింది. ఎట్లా ఖాళీ అయిందో ఎవరూ అడగలేదు.

ఆయనకూ జబ్బు ఉంది కాబట్టి పక్కన ఉండనిచ్చారు. ఆ తర్వాత జరిగింది ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు, ఇంటికి ఒక్కడే తిరిగి వచ్చిన చాలా రోజులకు.

శంకరవ్వ ముఖానికి ముక్కూ నోరూ మూసుకుపోయేలా ఆక్సిజన్ గొట్టం బిగించారు. మాట్లాడాలని ఆమె దాన్ని తీసేది, సిస్టర్ మళ్లీ పెట్టి కోప్పడేది. నోరు ఊరుకోని మనిషిని అట్లా మూగగా చూడలేక హనుమండ్లన్న తన తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

"ఇగ చెప్త విను" అన్నాడు. "ఒక్క ఏలు పట్టుకుంటే నీళ్లు. రెండు పట్టుకుంటే నొప్పి. మూడు పట్టుకుంటే సిస్టర్‌ను పిలువుమని. వద్దంటే నా వేళ్లు ఇప్పి చెయ్యి ఇడిసిపెట్టు."

ఆమె కళ్లతో నవ్వింది. ఇన్నేళ్లకు చెప్పినవా అన్నట్టు చూసింది. తర్వాత తనే ఆయన చెయ్యంతా పట్టుకొని, ఇదేమిటని కనుబొమ్మలెగరేసింది.

"చెయ్యంత పట్టుకుంటే ఇంటికి పోదామని" అన్నాడు.

అప్పటి నుంచి తువ్వాల కిందనే మాటలు. నీళ్లడిగేది. నొప్పి అనేది. ఒకసారి ఊరికే ఒక్కో వేలూ తడుముతూ కూర్చుంది. కొత్తగా చేతికొచ్చిన భాష కదా, ఆమెకు సంబరంగా ఉందేమో. ఆయన ఆ చేతిని పట్టుకొనే ఎన్ని గంటలైనా ఉండేవాడు. కునుకు పట్టినప్పుడు కూడా మాస్కు తీయలేదు.

డాక్టర్ ఆయన్ను వరండాలోకి పిలిచాడు. "పెద్దాయనా, ఊపిరితిత్తులు చాలా చెడిపోయినయ్. బిడ్డను రమ్మనండి. ఆమె ఇంటికి వచ్చుడు కష్టం" అన్నాడు.

"చేతులు కడిగిన సారూ" అన్నాడు హనుమండ్లన్న. "తోలు లేసేదాక కడిగిన. ఇంగో చూడుండ్రి."

డాక్టర్ ఆ చేతులు చూశాడు. "చేతులు కడుగుడు మంచిదే. కానీ ఇది ఎక్కువ ఊపిరితోని వస్తది. మొఖాలు దగ్గర పెట్టుకుంటే వస్తది" అని, ఇంకో రోగి కోసం లోపలికి పోయాడు.

హనుమండ్లన్న ఆ వరండా గోడకు ఒరిగి నిలబడిపోయాడు. లింబాజీ దగ్గడం గుర్తొచ్చింది. ఎద్దు కోసం నాలుక చప్పరిస్తూ భార్య ముందు మాస్కు దించడం గుర్తొచ్చింది. గట్టిగా అరవాలనిపించింది గానీ అరవలేదు, లోపల అందరూ పడుకొని ఉన్నారు. మాస్కు సరిచేసుకొని వచ్చి మళ్లీ మంచం పక్కన కూర్చున్నాడు, తువ్వాల కప్పి చెయ్యి అందించాడు.

శంకరవ్వ చెయ్యి కదిలింది. ఒక వేలు పట్టుకుంది, నీళ్లేమో అనుకున్నాడు. రెండోది కలుపుకుంది, మూడోది కలుపుకుంది. మెల్లగా చెయ్యంతా పట్టుకుంది. ఇంటికి పోదామని అడుగుతోంది.

ఆయన "ఊ" అన్నాడు. నోటి మాట చాలదని, ఆమె చెయ్యిని తానూ అట్లాగే నిండుగా పట్టుకున్నాడు, ఒప్పుకున్నట్టు. తువ్వాల కింద ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. మాస్కు ఉంది కాబట్టి తన ముఖం ఆమెకు కనబడదులే అని ధైర్యం తెచ్చుకున్నాడు.

ఆమె ఆయన్నే చూస్తూ ఉంది. సూది గుచ్చిన రెండో చెయ్యిని కష్టంగా ఎత్తి, ఆయన మాస్కును గదవ కిందికి లాగింది. పెదవులు చూసింది, దవడలు చూసింది. ఆయన గుటక మింగడం చూసింది. తల తిప్పుకుందామన్నా ఆయనకు చేతకాలేదు.

తువ్వాల కింద ఆయన వేళ్లు ఒక్కొక్కటే విప్పి శంకరవ్వ చెయ్యి వదిలేసింది. తర్వాత మాస్కును మళ్లీ పైకి లాగి, ముక్కు మీద నొక్కి, గట్టిగా ఉందో లేదో ఒకసారి తడిమి చూసింది.